38 వేల టర్బో కంటే ముందు రబ్బరు పైపు చూడండి

కావలి తమ్ముడూ, మీ ప్రశ్నను ముందు నాలుగు ముక్కల్లో చెప్తాను, ఇదే తిప్పలు పడుతున్న వేరేవాళ్లు చదివినా అర్థమవుతుంది. మూడు నెలల కింద ఒంగోల్లో 2013 మోడల్ స్విఫ్ట్ డీజిల్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. మీటర్ మీద 1,38,000 కిలోమీటర్లు. ఇప్పుడు హైవే ఎక్కితే పికప్ లేదు, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు వెనకాల నల్ల పొగ, యాక్సిలరేటర్ తొక్కితే బుస్సుమని ఒక శబ్దం. పొద్దున మొదటిసారి స్టార్ట్ చేస్తే రెండు మూడు సెకన్లు గలగలమంటోంది. మెకానిక్ ఇంజన్‌లోకి గాలిని గట్టిగా తోసే టర్బో పోయిందన్నాడు, 38 వేలు చెప్పాడు, పనిలో పనిగా పొగలో కొంత వెనక్కి తిప్పే ఈజీఆర్ వాల్వు కూడా మూసేద్దామన్నాడు. టర్బో మార్చాలా, బండే అమ్మేయాలా అని అడిగారు.

రెండూ వద్దు. ఈ ఆదివారం దాకా ఆగి, నేను చెప్పేవి చూడండి. పొద్దున వచ్చే ఆ గలగల మాత్రం ఆదివారం దాటి ఆగే విషయం కాదు. మీరు దాన్ని ప్రశ్న చివర్లో ఒక మాటగా రాశారు గానీ, నాకు టెన్షన్ పెట్టింది అదొక్కటే.

నేను నెల్లూరులో ఇరవై నాలుగేళ్లుగా డీజిల్ పని చేస్తున్నాను. మొదట్లో జీపులు, అంబాసిడర్లు. పంపు టైమింగ్ చెవితో పట్టుకునే రోజులవి. తర్వాత ఈ కామన్ రైల్ బండ్లు, అంటే అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి గట్టి ఒత్తిడితో డీజిల్ పోయేవి, వచ్చాయి, చెవితో పాటు స్కానర్ కూడా నేర్చుకోవాల్సి వచ్చింది. ఈ ఇంజన్‌ని ఎన్నిసార్లు దించి ఎక్కించానో లెక్క రాసుకోలేదు.

ముందు మీ బానెట్ కింద ఉన్నదేంటో తెలుసుకోండి. ఈ ఇంజన్ పుట్టిల్లు ఫియట్. 2003లో యూరప్‌లో 1.3 మల్టీజెట్ పేరుతో వచ్చింది. మన దగ్గర మారుతి 2007లో స్విఫ్ట్‌లో పెట్టి డీడీఐఎస్ అంది. టాటా వాళ్లు విస్టాలో పెట్టి క్వాడ్రాజెట్ అన్నారు. ఫియట్ సొంత బండ్లు పుంటో, లీనియాల్లో పాత పేరే ఉండేది. పెళ్లింట్లో ఒకే మనిషిని ఒకరు బావ అని, ఒకరు మామ అని, ఒకరు బాబాయ్ అని పిలిచినట్టు. మనిషి ఒకడే. అందుకే విస్టా బాగా చేసే మెకానిక్ మీ స్విఫ్ట్‌ని కూడా ధైర్యంగా ముట్టుకోవచ్చు. వైరింగ్, బిగింపులు వేరేగా ఉంటాయి గానీ లోపలి సరుకు అదే.

1248 సీసీ, నాలుగు సిలిండర్లు, పదహారు వాల్వులు, పైన ఆ వాల్వులను తెరిచే రెండు క్యామ్ షాఫ్టులు. బోరు, అంటే సిలిండర్ వెడల్పు, 69.6 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 82. బోరు సన్నం, స్ట్రోకు పొడుగు. బ్లాకు పోత ఇనుము, హెడ్డు అల్యూమినియం. కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలిని నొక్కే లెక్క, 17.6కి 1. మీ బండిలో ఉన్నది 75 పీఎస్ (హార్స్ పవర్ లాంటి కొలత) రకం, 4,000 ఆర్‌పీఎం దగ్గర ఆ పవర్ వస్తుంది. టార్క్ 190 న్యూటన్ మీటర్లు, అది 2,000 ఆర్‌పీఎం దగ్గర. ఇదే ఇంజన్‌కి 90 పీఎస్ అన్నయ్య ఒకడున్నాడు, ఎర్టిగాలో, సియాజ్‌లో వచ్చాడు, వాడికి 200 న్యూటన్ మీటర్లు. వాడి టర్బో లోపల కదిలే రెక్కలుంటాయి, వాక్యూమ్ పైపు ఉంటుంది, అందుకని రోగాలు రెండు ఎక్కువ. మీదానికి ఆ బాధ లేదు.

వాల్వులకు హైడ్రాలిక్ లిఫ్టర్లు ఉన్నాయి. గ్యాపు అవే చూసుకుంటాయి. ఎవరైనా ట్యాపెట్ సెట్టింగ్ చేయాలి, అయిదొందలివ్వండి అంటే నవ్వి బయటికి వచ్చేయండి. టైమింగ్‌కి, అంటే క్రాంక్‌తో పాటు క్యామ్‌లను లెక్క తప్పకుండా తిప్పడానికి, బెల్టు కాదు, చైన్. లక్ష కిలోమీటర్లకు బెల్టు మార్చాలి అనే మాట కూడా ఈ బండికి వర్తించదు. చైన్ అంటే జీవితాంతం ఉంటుంది అనే మాటా వర్తించదు, అక్కడికి తర్వాత వస్తాను.

ఇక పికప్. మీరు ఇంతకు ముందు పెట్రోల్ ఆల్టో నడిపానని రాశారు కాబట్టి ఇది చెప్పాలి. పన్నెండొందల సీసీ డీజిల్ ఇంజన్ టర్బో లేకపోతే ఎద్దు లేని బండి. టర్బో తిరగాలంటే సైలెన్సర్ వైపు పోయే పొగకు వేగం కావాలి. 1,800 ఆర్‌పీఎం లోపల ఆ వేగం రాదు, బండి మొద్దుగా ఉంటుంది. 2,000 దగ్గరికి రాగానే ఎవరో వెనక నుంచి తోసినట్టు ఒక్కసారిగా లాగుతుంది. ఇది రోగం కాదు, దీని తత్వమే అంత. ట్రంక్ రోడ్డులో నాలుగో గేరులో 30 మీద పోతూ తొక్కి, లాగట్లేదంటే అది మన తప్పు. గేరు దించండి. అయితే మీకు 2,500 దాటినా లాగట్లేదు, నల్ల పొగ ఉంది, శబ్దం ఉంది. కాబట్టి మీ బండిలో నిజంగానే ఏదో ఉంది.

నల్ల పొగ అంటే ఏంటో తెలిస్తే సగం పని అయినట్టే. పోసిన డీజిల్‌కి సరిపడా గాలి లేదు, అంతే. నీలి పొగ అయితే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ పోవట్లేదంటే కాలని డీజిల్, లేకపోతే కూలెంట్. మీది నల్లది. అంటే గాలి ఎక్కడో ఆగిపోతోంది, లేదా బయటికి కారిపోతోంది. టర్బో పాడైతే చాలాసార్లు నీలి పొగ కూడా తోడొస్తుంది, ఆయిల్ లెవల్ తగ్గుతుంది. మీ ఆయిల్ తగ్గలేదని మీరే రాశారు. అందుకే నాకు టర్బో మీద అనుమానం తక్కువ.

పోయిన ఏడాది ఎండాకాలంలో పొదలకూరు నుంచి ఒక నిమ్మకాయల వ్యాపారి ఇదే బండి, ఇదే కంప్లైంటుతో వచ్చాడు. అతనికీ ఎక్కడో టర్బో అని చెప్పారు. చేతిలో డబ్బులు కూడా పట్టుకొచ్చాడు. బండిని ర్యాంపు ఎక్కించి కింద నుంచి చూస్తే, టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లబరిచే జాలీ) పోయే రబ్బరు పైపు కింది వైపు నల్లగా తడి. ఆ తడి మీద దుమ్ము పట్టి పేడ అలికినట్టుంది. గుడ్డతో తుడిచాను, ఏమీ కనపడలేదు. పైపును రెండు చేతులతో పట్టుకుని మెలిపెడితే, సరిగ్గా క్లిప్పు అంచు దగ్గర, బొటనవేలి గోరంత పొడుగున చీలిక నోరు తెరిచింది. వదిలేస్తే మళ్లీ మూసుకుపోయింది. ఐడ్లింగ్‌లో అక్కడ ఒత్తిడి ఉండదు కాబట్టి చీలిక మూసుకునే ఉంటుంది, షెడ్డులో నిలబెట్టి రేజ్ చేస్తే ఏ శబ్దమూ రాదు. హైవే మీద లోడు పడగానే నోరు తెరిచి బుస్సుమంటుంది. టర్బో పాపం గాలి కొడుతూనే ఉంది, అది ఇంజన్‌కి చేరకుండా రోడ్డు మీదికి పోతోంది. పైపు, రెండు క్లిప్పులు, గంట పని. ఆయన తెచ్చిన డబ్బులో చాలా వరకు తిరిగి జేబులో పెట్టుకుని, నిమ్మకాయల సంచి ఒకటి ఇచ్చి వెళ్లాడు. ఆ రోజుల్లో కాయ రేటు బాగానే ఉంది, గుర్తుంది.

మీరు చెప్పిన బుస్సుమనే శబ్దం నాకు ఆ పైపునే గుర్తు చేసింది. ఇంట్లోనే చూసుకోవచ్చు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు గాలి పోయే రబ్బరు పైపులన్నీ, ముఖ్యంగా క్లిప్పుల దగ్గర, వంపుల కింది భాగంలో, చేత్తో మెలిపెట్టి చూడండి. తర్వాత సబ్బు నీళ్లు నురగ చేసి పూసి, ఇంకొకరిని రేజ్ చేయమని చూడండి, చీలిక పెద్దదైతే బుడగలు వస్తాయి. ఫ్యానుకి, బెల్టుకి చేతులు దూరం. పైపు లోపల పల్చగా ఆయిల్ తడి ఉంటే కంగారు పడొద్దు. బ్రీదర్ (ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టం) నుంచి వచ్చే ఆవిరి అది, ఏ డీజిల్ బండిలోనైనా ఉంటుంది. ఆయిల్ చెంచాలతో తీసేటంత నిలబడి ఉంటే అప్పుడు మాట్లాడదాం.

పైపులన్నీ బాగుంటే గాలి ఫిల్టర్. ఇది మామూలు మాటలా ఉంటుంది గానీ మన వైపు కాదు. ఒంగోలు బండి అన్నారు, చీమకుర్తి దారిలో తిరిగిన బండి అయితే గ్రానైట్ క్వారీల దుమ్ము సంగతి మీకు నేను చెప్పాలా. ఫిల్టర్ మూసుకుపోతే నల్ల పొగ వస్తుంది, అది చిన్న నష్టం. ఫిల్టర్‌ను ఎయిర్ గన్‌తో కొట్టి కొట్టి కాగితం చిల్లులు పడితేనో, డబ్బా క్లిప్పు సరిగ్గా పడకపోతేనో, ఆ రాతి పొడి నేరుగా టర్బో రెక్కల మీదికి, అక్కడి నుంచి బోరులోకి పోతుంది. అది పెద్ద నష్టం. ఫిల్టర్ తీసి లైటుకి ఎదురుగా పెట్టి చూడండి. డబ్బాలో ఫిల్టర్ అవతలి వైపు, అంటే శుభ్రంగా ఉండాల్సిన వైపు, వేలితో రుద్ది చూడండి. వేలికి పొడి అంటితే ఆ ఫిల్టర్ ఎన్నాళ్లుగానో పని చేయట్లేదని అర్థం. ఆ పక్కనే గాలి కొలిచే సెన్సార్ ఉంటుంది. దానికోసం అమ్మే స్ప్రేతో కడగొచ్చు, గుడ్డ పెట్టి తుడిస్తే మాత్రం లోపలి సన్నటి తీగ పోతుంది.

అప్పుడు ఈజీఆర్. సైలెన్సర్ వైపు పోవాల్సిన పొగలో కొంత వెనక్కి తెచ్చి ఇంజన్‌కే మళ్లీ తాగించే వాల్వు ఇది. మంట వేడి తగ్గించి, నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించడానికి పెట్టారు. పొగలో మసి, బ్రీదర్ నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి, రెండూ కలిసి లోపల తారులా పేరుకుంటాయి. మసి వాల్వుకి అడ్డం పడి అది తెరుచుకునే ఉండిపోతే, ఇంజన్‌కి మంచి గాలి బదులు పొగే అందుతుంది. అదే నల్ల పొగ, అదే పికప్ లేకపోవడం. ఊళ్లోనే తక్కువ ఆర్‌పీఎంలో తిరిగే బండ్లకు ఇది త్వరగా వస్తుంది. విప్పి, కార్బన్ క్లీనర్‌తో కడిగి, కొత్త ప్యాకింగ్ వేసి బిగిస్తే చాలాసార్లు సరిపోతుంది. మోటారు కాలిపోతేనే వాల్వు మార్చాలి.

మీ మెకానిక్ చెప్పినట్టు రేకు ముక్క పెట్టి మూసేయడం నేను చేయను. కస్టమర్లు పక్క షెడ్డుకి పోయినా సరే. రెండు నెలలు బండి బాగా పోతున్నట్టుంటుంది, తర్వాత చెక్ లైటు, దాన్ని ఆర్పడానికి ఈసీయూలో (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) సాఫ్ట్‌వేర్ కెలకడం, దాని వెనక ఇంకోటి. కాలుష్యం కోసం పెట్టిన భాగాన్ని పీకడం చట్టప్రకారం తప్పు కూడా. మీ బండిలో డీపీఎఫ్ (సైలెన్సర్‌లో మసి పట్టే ఫిల్టర్) లేదు, ఆ గొడవ తప్పింది, ఉన్న ఒక్క ఈజీఆర్‌ని ఏడాదికోసారి కడుక్కోవడం కష్టం కాదు.

ఇవన్నీ అయ్యాక కూడా లాగకపోతే అప్పుడు టర్బో వైపు చూడండి. దానికీ ఒక పద్ధతి ఉంది. ముందు స్కానర్ పెట్టించి, బండి నడుపుతూ బూస్ట్ ప్రెషర్ చూడమనండి. ఐడ్లింగ్‌లో వెయ్యి మిల్లీబార్ దగ్గర, అంటే బయటి గాలంతే ఉంటుంది. మూడో గేరులో గట్టిగా తొక్కితే రెండు వేలు దాటాలి. ఈసీయూ అడిగిన అంకె ఒకటి, వచ్చిన అంకె ఒకటి పక్కపక్కనే కనిపిస్తాయి, రెండింటికీ తేడా ఎంతో చూడండి. తర్వాత గాలి పైపు విప్పి, మీ ఎదురుగానే టర్బో షాఫ్టును వేళ్లతో కదిపించండి. అటూ ఇటూ రవ్వంత కదిలితే భయపడొద్దు, ఆ షాఫ్టు ఆయిల్ పొర మీద తేలుతూ తిరగడానికే చేశారు, చల్లగా ఆయిల్ లేనప్పుడు కొంచెం ఆడుతుంది. ముందుకీ వెనక్కీ లాగితే కదిలినా, రెక్కలు గోడకి రాసుకున్న గీతలు కనపడినా టర్బో నిజంగా పోయింది. అప్పుడు కూడా ఆయిల్ వచ్చే సన్నటి పైపు, వెనక్కి పోయే పైపు శుభ్రం చేయకుండా కొత్తది బిగించనివ్వొద్దు. నిమిషానికి లక్షన్నర చుట్లు దాటి తిరిగే వస్తువు, ఆయిల్ అందకపోతే కొత్తదైనా నెల కూడా ఆగదు. పాతది ఎందుకు పోయిందో కనుక్కోకుండా కొత్తది వేయించుకుని, మూడు నెలల్లో మళ్లీ వచ్చినవాళ్లు నాకు తెలుసు.

టర్బో గురించి ఇంకో ముక్క, ఇది ప్రాణాలకు సంబంధించింది. లోపలి సీల్ పూర్తిగా పోతే ఇంజన్ తన ఆయిల్‌నే తాగుతూ, తాళం తీసేసినా ఆగకుండా అరుస్తుంది. తెల్లనీలి పొగ రోడ్డంతా కమ్మేస్తుంది. బండి ఆపి ఉంటే పై గేరు వేసి, బ్రేక్ గట్టిగా తొక్కిపట్టి, క్లచ్ వదిలేయండి, ఇంజన్ గొంతు నొక్కినట్టు ఆగిపోతుంది. బానెట్ ఎత్తి తల పెట్టొద్దు. ఇది అరుదు, నేను చూసింది రెండుసార్లే. రెండూ నీలి పొగ వస్తున్నా నెలల తరబడి తిప్పిన బండ్లే.

ఇప్పుడు ఆ గలగల దగ్గరికి వద్దాం.

చైన్‌ని బిగువుగా పట్టుకునే టెన్షనర్ ఇంజన్ ఆయిల్ ఒత్తిడితో పని చేస్తుంది. రాత్రంతా నిలబడిన బండిలో ఆయిల్ కిందికి దిగిపోతుంది. పొద్దున స్టార్ట్ చేశాక ఒత్తిడి వచ్చే దాకా టెన్షనర్‌కి బలం ఉండదు. చైన్ కొత్తదైతే ఆ ఒక్క క్షణం తెలియదు. సాగిన చైన్ అయితే కవర్‌కి తగిలి గలగలమంటుంది. చైన్ ఎందుకు సాగుతుంది? లింకుల మధ్య పిన్నులు అరగడం వల్ల. అవి ఎందుకు అరుగుతాయి? మసి పట్టి, సారం పోయిన ఆయిల్ వల్ల. ఈ ఇంజన్‌లో పట్టే ఆయిల్ మూడు లీటర్ల చిల్లర, అంతే. ఆ కొంచెం ఆయిలే టర్బోని చల్లబరచాలి, చైన్‌ని తడపాలి, లిఫ్టర్లను నిలబెట్టాలి, మసి మొత్తం మోయాలి. పెద్ద ఇంజన్‌లో ఆరేడు లీటర్లు చేసే చాకిరీ ఇక్కడ మూడు లీటర్లు చేస్తాయి. అందుకే ఇందులో ఆయిల్ మార్పు అయిదు వేల కిలోమీటర్లు ఆలస్యమైతే దాని లెక్క ఎక్కడో ఒకచోట రాసిపెట్టే ఉంటుంది.

మూడేళ్ల కింద సింగరాయకొండ దగ్గర ఆగిపోయిన బండిని లారీ మీద మా షెడ్డుకి తెచ్చారు. పెళ్లికి పోతూ, లోపల ఆరుగురు. నెల రోజులుగా పొద్దున శబ్దం వస్తోందట, వేడెక్కితే పోతోంది కదా అని తిప్పారు. ఆయిల్ మార్చి 22 వేల కిలోమీటర్లైంది. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్ కింది బోల్టు విప్పితే ఆయిల్ ధారగా రాలేదు. ముందు ఏమీ రాలేదు, తర్వాత ముదురు పాకం సాగినట్టు సన్నగా దిగింది. ఛాంబర్ దించి చూస్తే అడుగున చేతి మందాన నల్లటి జావ, ఆయిల్ పీల్చే జల్లెడ మూసుకుపోయి ఉంది. ఆ జావలో ప్లాస్టిక్ ముక్కలు దొరికాయి, చైన్ గైడువి. చైన్ పళ్ల చక్రం మీద పన్ను దాటింది, వాల్వులు పిస్టన్లకు తగిలాయి. ఈ ఇంజన్‌లో అదృష్టం బాగుంటే పన్ను దాటినప్పుడు వాల్వులను నొక్కే రాకర్లు విరిగి వాల్వులు బతుకుతాయి. వాళ్లకి ఆ అదృష్టం సగమే దక్కింది, నాలుగు వాల్వులు వంగాయి. రిపేరు ఖర్చుకి ఇంకొంచెం వేస్తే అలాంటి పాత బండే ఇంకోటి వచ్చేది.

మీరు మూడు నెలల కిందే కొన్నారు, అమ్మినవాడు ఆయిల్ ఎప్పుడు మార్చాడో మీకు తెలియదు. కాబట్టి రేపే ఆయిల్, ఫిల్టర్ మార్పించండి. పాతది ఎలా దిగుతుందో దగ్గర నిలబడి చూడండి. గ్రేడు మాన్యువల్లో ఉన్నదే పోయించండి, లారీలకు పోసే చిక్కటి ఆయిల్ పోస్తే శబ్దం తగ్గుతుందని ఎవరన్నా చెప్తే వినొద్దు. చల్లని ఇంజన్‌లో అది పైదాకా చేరడానికి ఇంకా ఎక్కువ సేపు పడుతుంది. ఫిల్టర్ డబ్బా లోపల పెట్టే కాగితం రకం. దాని రబ్బరు రింగులు కూడా కొత్తవే వేయాలి.

మార్చాక వారం రోజులు పొద్దున స్టార్టింగ్‌ని ఫోన్‌లో వీడియో తీయండి. గలగల పూర్తిగా పోతే టెన్షనర్‌కి సరిగ్గా ఆయిల్ అందక వచ్చిందనుకోవచ్చు, తర్వాతి మార్పు ఏడెనిమిది వేలకే చేయించి గమనిస్తూ ఉండండి. ఆ రెండు సెకన్ల గలగల ఇంకా వస్తుంటే, లేదా వేడి మీద కూడా ఇంజన్ బయట ఆల్టర్నేటర్ బెల్టు ఉన్న వైపు చెవి పెడితే గీరుతున్నట్టు వినపడితే, చైన్ కిట్ మార్పించండి. చైన్ ఒక్కటే కాదు, టెన్షనర్, గైడులు, పళ్ల చక్రాలు కలిపి. ఛాంబర్ దించాలి, ముందు కవర్ విప్పాలి, క్యామ్‌ని, క్రాంక్‌ని లాక్ చేసే టూల్స్ ఉన్న చోటే చేయించాలి. పెయింటుతో గుర్తులు పెట్టి చేస్తానన్నవాడికి ఇవ్వొద్దు. టర్బోకి పెట్టాలనుకున్న డబ్బులో సగం కూడా కాదు.

ఇక నా తప్పు ఒకటి చెప్పాలి, మీ బండికి ముందు ముందు పనికొస్తుంది. ఈ ఇంజన్‌తో పరిచయం కొత్తలో ఒక బండి వచ్చింది, కూలెంట్ ట్యాంకులో మజ్జిగలో నూనె కలిపినట్టు ఆయిల్ తేలుతోంది. బ్లాకుకీ హెడ్డుకీ మధ్య ఉండే హెడ్ ప్యాకింగ్ పోయిందని క్షణం ఆలోచించకుండా చెప్పేశాను. హెడ్ దించి, దాని అడుగు చదును చేయించి, కొత్త ప్యాకింగ్ వేసి ఇచ్చాను. పది రోజులకి బండి మళ్లీ నా గుమ్మం ముందుంది, ట్యాంకులో అదే మజ్జిగ. ఆయిల్ ఫిల్టర్ డబ్బా పక్కనే ఆయిల్ కూలర్ ఉంటుంది, ఒక వైపు ఆయిల్, ఒక వైపు కూలెంట్ పోతాయి. అది లోపల కారుతోంది. ఆ మనిషి నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ. లేబర్ వాపసు ఇచ్చేశాను. అప్పటి నుంచి ఈ ఇంజన్‌లో ఆయిల్, కూలెంట్ కలిశాయంటే, బండి వేడెక్కకుండా, ట్యాంకులో బుడగలు లేకుండా ఉంటే, ముందు కూలర్ విప్పుతాను. మీకు ఎవరైనా హెడ్ దించాలి అంటే ఈ ఒక్క ప్రశ్న అడగండి.

డీజిల్ వైపు మీకు ఇప్పుడు కంప్లైంట్ లేదు కాబట్టి క్లుప్తంగా చెప్తా. రైల్లో ఒత్తిడి లోడు మీద వెయ్యి బార్ దాటుతుంది. మీ టైరులో ఉండేది రెండు బార్ చిల్లర. పాత జీపులో గాలి తీసినట్టు, ఇంజన్ తిరుగుతుండగా పైపు నట్టు వదులు చేయడం దీనిలో కుదరదు, ఆ ధార చర్మంలోకి దిగిపోతుంది, చెయ్యి పోతుంది. సెల్ఫ్ బాగా తిరుగుతూ స్టార్ట్ కాకపోతే ఇంజెక్టర్ల నుంచి వెనక్కి వచ్చే డీజిల్‌ని సీసాల్లో పట్టి చూడమనండి, ఏ సీసా ఎక్కువ నిండితే ఆ ఇంజెక్టర్ అరిగింది. ఇంజెక్టర్ మారిస్తే దాని ఒంటి మీద ఉన్న కోడ్ ఈసీయూలో ఎక్కించాలి, లేకపోతే ఐడ్లింగ్ తడబడుతుంది. ఇంజెక్టర్ మొదట్లో చుక్‌చుక్‌మని శబ్దం, చుట్టూ తారు ముద్ద కనపడితే కింద రాగి వాషర్ పోయింది, అది చిన్న ఖర్చు, వదిలేస్తే హెడ్‌లో ఆ కూర్చునే చోటే పాడవుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ లెవల్ తగ్గడం అందరూ చూస్తారు. పెరిగినా ప్రమాదమే, డీజిల్ ఆయిల్లో కలుస్తోందని. వాసన చూస్తే తెలిసిపోతుంది. డీజిల్ ఫిల్టర్ అడుగున నీళ్లు వానాకాలంలో ఒకసారి వదిలించండి.

సెల్ఫ్ నీరసంగా తిరిగితే పంపు మీదికి పోకముందు బ్యాటరీ ఎర్త్ వైరు చూడండి. ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటల గట్ల మీద తిరిగే బండ్లకు ఈ వైరు కొస పచ్చగా చిలుము పట్టి వస్తుంది. గీకి, గ్రీజు రాసి బిగిస్తే బండి లేచి కూర్చుంటుంది. బండి వేడెక్కాక ఆగిపోయి, అరగంట చల్లారాక స్టార్ట్ అయితే ఇంజన్ తిరగడాన్ని పట్టే క్రాంక్ సెన్సార్ మీద అనుమానం. చలిలో స్టార్ట్ కావడానికి సిలిండర్‌ని వేడి చేసే గ్లో ప్లగ్గుల కోసం మాత్రం డబ్బు పెట్టొద్దు, నెల్లూరు రోహిణి కార్తెలో ఇంజన్ రాత్రి పూట కూడా ఎప్పుడు చల్లారుతుందని.

కాబట్టి మీ వరుస ఇదీ. రేపు ఆయిల్, ఫిల్టర్. ఆదివారం రబ్బరు పైపులు, గాలి ఫిల్టర్ డబ్బా. సోమవారం ఈజీఆర్ విప్పి కడిగించండి. అప్పుడు కావలి నుంచి సింగరాయకొండ దాకా ఒకసారి పోయి రండి, పక్కన స్కానర్ పట్టుకున్న మనిషిని కూర్చోబెట్టుకుని. అడిగిన బూస్ట్ ఎంత, వచ్చిన బూస్ట్ ఎంత అన్న రెండు అంకెలు, పొద్దున వీడియో ఒకటి ఇక్కడ పెట్టండి. ఈ లోపల రాత్రి ప్రయాణాలు వద్దు. హైవే మీద గట్టిగా తొక్కి వచ్చాక ఒక నిమిషం ఐడ్లింగ్‌లో ఉంచి తాళం తీయండి. 38 వేలకు అడ్వాన్స్ ఇచ్చి ఉంటే మాత్రం పార్ట్ తెప్పించొద్దని ఇవాళే ఫోన్ చేసి చెప్పండి.